ఇంట్లో ఫలాఫెల్: ఏ గింజతో చేయాలి, ఎందులో వేయించాలి, పక్కన ఏం పెట్టాలి?

నానబెట్టిన శనగల్ని రుబ్బి, ఉండలు కట్టి నూనెలో వేయించే అరబ్బు వంట ఫలాఫెల్. ఉమ్మడి కడప జిల్లాలో అది కొత్త వంటేమీ కాదు. కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఇక్కడ ఊరూరా ఉన్నారు. తక్కువ డబ్బుతో కడుపు నిండే టిఫిన్‌గా కుబ్బూస్ రొట్టెలో చుట్టిన ఫలాఫెల్ తినని వాళ్లు వాళ్లలో తక్కువ. కర్నూలు, అనంతపురం పిల్లలకైతే అది ఫోన్లో వీడియోల్లో చూసిన వంట. ఎవరు అడిగినా వంటింట్లో ఉన్నవాళ్లకు వచ్చే సందేహాలు మాత్రం అవే. కాబూలీ శనగలే కొనాలా, డబ్బాలో ఉన్న నల్ల శనగలు సరిపోతాయా? మన అలసంద వడకూ దీనికీ తేడా ఏంటి? నూనెలో ముంచి తీయాల్సిందేనా, పొంగణాల పెనం చాలదా? పక్కన వేసుకునే నువ్వుల ముద్ద, అదే తహినీ, దొరక్కపోతే ఎట్లా?

నా మాట ముందే చెప్పేస్తాను. గింజ దగ్గర, దాన్ని నానబెట్టే దగ్గర పట్టుగా ఉండండి. రొట్టె, చట్నీ, ఆకు, పెనం ఇవన్నీ ఇంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. పీతా రొట్టె కోసం ఊరంతా వెతికి, శనగల్ని మాత్రం కుక్కర్లో పెట్టి మూడు కూతలు రానిస్తారు.

## ఏవి చూసి ఎంచుకోవాలి

మొదటిది, ఉండ విడిపోకుండా నిలవడం. ఇది గింజ పచ్చిదా ఉడికిందా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. నానిన పచ్చి శనగలోని పిండిపదార్థం నూనె వేడికి, గింజలో ఉన్న తడితోనే ఉడికి జిగురు పడుతుంది. ఆ జిగురే ఉండను పట్టి ఉంచుతుంది. కుక్కర్లో ఉడికిన గింజలో ఆ పని ముందే అయిపోయి ఉంటుంది, పైగా నీళ్లు బాగా పీల్చుకుని ఉంటుంది. అందుకే దాంతో చేసిన ఉండ బాండ్లిలో పడగానే చెదిరిపోతుంది. దాన్ని ఆపడానికి శనగపిండి మీద శనగపిండి కలుపుతూ పోతే చివరికి పకోడీ తయారవుతుంది. డబ్బాల్లో నీళ్లతో వచ్చే శనగలూ ఉడికినవే, వాటితో కూడా ఇదే గొడవ.

రెండోది లోపలి గుల్లదనం. పైన కరకరలాడుతూ, విరిస్తే లోపల ఆకుపచ్చగా, పొడిపొడిగా, మెత్తగా ఉండాలి. ముద్దగా, సాగుతూ ఉంటే ఎక్కువ రుబ్బారని అర్థం.

మూడోది, మీకు కావాల్సింది ఏ రుచి? కువైట్‌లో తిన్న రుచే కావాలా, లేక ఆ పద్ధతిలో మన ఇంటి రుచి చాలా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే కింద రాసినవాటిలో సగం తేల్చేసుకోవచ్చు.

ఆ తర్వాత సమయం, నూనె, కడుపుకు పడటం. సాయంత్రం అనుకుని రాత్రికి చేయగలిగే వంట కాదిది. పొద్దున అనుకుని సాయంత్రానికి చేయాలన్నా గింజ మార్చుకోవాలి.

## గింజల మధ్య పోలిక

కాబూలీ శనగలు. లెబనాన్, సిరియా, పాలస్తీనా వైపు ఫలాఫెల్ వీటితోనే చేస్తారు. పొట్టు పల్చన, గింజ పెద్దది, నానితే బరువు రెట్టింపు దాకా పెరుగుతుంది. రుబ్బితే లేత రంగు పిండి వస్తుంది కాబట్టి కొత్తిమీర పచ్చదనం బాగా కనిపిస్తుంది. నల్ల శనగల కన్నా ధర ఎక్కువే. కానీ పావు కిలోతో నలుగురికి సరిపోతుంది కాబట్టి ఆ తేడా చూసి వెనకాడాల్సిన పనిలేదు. మొదటిసారి చేసేవాళ్లు వేరే ఆలోచన లేకుండా వీటినే తీసుకోండి. కొనేటప్పుడు మాత్రం పాత సరుకు కాకుండా చూసుకోండి. ఏళ్ల తరబడి గోనెలో ఉన్న గింజ ఎంత నానినా మధ్యలో గట్టిగానే ఉంటుంది.

నల్ల శనగలు. కర్నూలు, అనంతపురం నల్లరేగడి చేలల్లో రబీలో వేసే పంట ఇదే. 1999లో విడుదలైన జేజీ 11 రకం ఈ వైపు రైతులందరికీ తెలిసిన పేరు. ఇంట్లో పండిన శనగలు మూటలో ఉండగా కాబూలీ కొనడానికి చేతులు రావు, నిజమే. వీటితో ఫలాఫెల్ వస్తుంది, బాగానే వస్తుంది. అయితే పొట్టు మందం. నానడానికి ఎక్కువసేపు పడుతుంది, రుబ్బినప్పుడు పొట్టు పలుకులు పలుకులుగా తగులుతుంది, రంగు ముదురు గోధుమకు తిరుగుతుంది. శనగ రుచి మాత్రం కాబూలీ కన్నా గాఢంగా ఉంటుంది. పొట్టు అరగని పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఒక్క నల్ల శనగలతోనే చేయొద్దు. సగం కాబూలీ, సగం నల్లవి వేసుకుంటే రుచీ ఉంటుంది, గుల్లదనమూ ఉంటుంది. నాకైతే అన్నిట్లోకీ నచ్చేది ఈ సగం సగం పద్ధతే.

శనగపప్పు. నాలుగు గంటల్లో నానుతుంది, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ దీంతో వచ్చేది మసాలా వడ. కొత్తిమీర ఎంత దట్టించినా, జీలకర్ర ఎంత వేసినా కొరికితే బిగువుగా, కరకరగా వడలాగే ఉంటుంది. మసాలా వడ గొప్ప వంటే, దాన్ని ఆ పేరుతోనే చేసుకుని తినొచ్చు. కాబూలీ తక్కువ పడినప్పుడు నాలుగో వంతు దాకా శనగపప్పు కలపడంలో తప్పులేదు, కరకర కాస్త పెరుగుతుంది.

అలసందలు. రాయలసీమ వంటిల్లు ఫలాఫెల్‌కు భయపడాల్సిన అవసరం లేదని నేననడానికి కారణం ఇదే. పచ్చి గింజను నానబెట్టి, వడకట్టి, ముతకగా రుబ్బి, ఎర్రగడ్డ, ఆకు కలిపి నూనెలో వేయడం మనకు కొత్త కాదు. అలసంద వడ, నాటుకోడి పులుసు ఈ ప్రాంతంలో పండగ వంట. పశ్చిమ ఆఫ్రికాలో అకారా, అక్కడి నుంచి బ్రెజిల్ చేరిన అకరజే కూడా అలసందలతో చేసే వడలే. మన గింజ అంత దూరాల్లోనూ నూనెలో వేగుతోందన్న మాట.

వీటిని ఫలాఫెల్ పద్ధతిలో చేయాలంటే మామూలుగా వడకు వేసే అల్లం, కరివేపాకు మానేసి జీలకర్ర, ధనియాలు, తెల్లగడ్డ, గుప్పెళ్ల కొద్దీ కొత్తిమీర వేయాలి. ఆరు గంటలు నానితే చాలు. పొట్టు తేలిగ్గా ఊడుతుంది, సగం పొట్టు తీసేసినా సరిపోతుంది. లోపల శనగ ఫలాఫెల్ కన్నా మెత్తగా ఉంటుంది. గల్ఫ్ రుచి రాదు. పొద్దున అనుకుని సాయంత్రానికి చేయాలంటే మాత్రం దీన్ని మించింది లేదు.

ఈజిప్టు పద్ధతి. అక్కడ శనగలు కాదు, పొట్టు తీసిన ఎండు ఫావా గింజలతో చేసి తామియా అంటారు. గల్ఫ్‌లో పొద్దున్నే తినే ఫూల్ కూడా ఆ గింజదే. మన అంగళ్లలో మామూలుగా దొరకదు, ఎవరైనా తెచ్చిపెడితే వాడుకోవచ్చు. అయితే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్లకు ఫావా గింజలు పడవు, రక్తకణాలు దెబ్బతింటాయి. ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉందని డాక్టరు చెప్పి ఉంటే దాని జోలికి పోవద్దు.

ఆ గింజ లేదు కదా అని రాజ్మా వాడదామనుకోవద్దు. రాజ్మా గింజలో సహజంగానే ఉండే ఒక విషపదార్థం బాగా మరిగే నీళ్లలో ఉడికితేనే పోతుంది. పచ్చిగా రుబ్బి పైపైన వేయించి తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అనుములు కూడా ఉడికించి తినే గింజలే, వాటినీ ఈ వంటకు తేవద్దు.

ప్యాకెట్ పొడి. నీళ్లు కలిపి కాసేపు ఉంచి వేయించుకోవడమే. రుచి పొడిపొడిగా, మందుల వాసన తగిలినట్టు ఉంటుంది. మిక్సీ లేని హాస్టల్ గదిలో, అదీ తాజా కొత్తిమీర, ఎర్రగడ్డ తరుగు కలిపితే ఫరవాలేదు. ఇంట్లో మిక్సీ ఉన్నవాళ్లకు అక్కర్లేదు.

| గింజ | నానే సమయం | లోపల | అసలు రుచికి | ఎవరికి |
|---|---|---|---|---|
| కాబూలీ | 12 నుంచి 14 గంటలు | గుల్లగా, మెత్తగా | అదే | మొదటిసారి చేసేవాళ్లు, గల్ఫ్ రుచి కోరేవాళ్లు |
| నల్ల శనగలు | 16 నుంచి 18 గంటలు | ముతకగా, బిగువుగా | దగ్గరే | ఇంటి పంట ఉన్నవాళ్లు, పొట్టు అరిగేవాళ్లు |
| సగం సగం | నల్లవి నాలుగు గంటలు ముందు | గుల్లగా, కాస్త పలుకుగా | బాగా దగ్గర | రెండోసారి నుంచి అందరూ |
| శనగపప్పు | 4 గంటలు | కరకరగా | దూరం | కలపడానికి మాత్రమే |
| అలసందలు | 6 గంటలు | చాలా మెత్తగా | వేరే రుచి | ఆ రోజే చేయాలనుకున్నవాళ్లు, పెద్దవాళ్లున్న ఇల్లు |

## నానబెట్టడంలో మన ఊరి సమస్యలు

పుస్తకంలో రాసినట్టు రాత్రంతా గిన్నెలో వదిలేస్తే డిసెంబరులో సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో కుదరదు. రాత్రి కూడా వేడి దిగని రోజుల్లో పొద్దునకల్లా గిన్నె మీద నురగ కట్టి పులుపు వాసన వస్తుంది. ఎండాకాలం శనగల్ని ఫ్రిజ్‌లో పెట్టి నానబెట్టండి. చల్లదనానికి నానడం నిదానిస్తుంది కాబట్టి కాబూలీకి కూడా పద్దెనిమిది గంటల దాకా ఇవ్వండి. ఫ్రిజ్‌లో చోటు లేకపోతే రెండు మూడు గంటలకోసారి నీళ్లు మారుస్తూ, పడుకునేలోపు వడకట్టి తడిబట్టలో మూటగట్టి మట్టికుండ పక్కన పెట్టొచ్చు. కానీ మొలక తొంగిచూసేదాకా ఉంచొద్దు, రుచి మారుతుంది.

రెండో సమస్య బోరు నీళ్లు. అనంతపురం వైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లకు సున్నపు గుణం ఎక్కువ, పప్పు కూడా తొందరగా ఉడకదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజ పైపొరను గట్టిపరచడమే దీనికి కారణం. నానబెట్టడానికి తాగే క్యాన్ నీళ్లో, ఫిల్టర్ నీళ్లో వాడండి. లేదంటే బోరు నీళ్లలో చిటికెడు వంటసోడా వేసి, తర్వాత బాగా కడిగేయండి.

నానిందో లేదో చూడాలంటే ఒక గింజను గోటితో నొక్కండి. రెండు బద్దలుగా విడిపోవాలి. బద్ద మధ్యలో తెల్లటి పొడి చుక్క కనిపిస్తే ఇంకా టైమ్ ఉంది. నానిన తర్వాత చిల్లుల గిన్నెలో వడకట్టి, పొడిబట్ట మీద అరగంట పరచండి. గింజ మీద తడి అంటకూడదు. ఉండ విడిపోవడానికి ఉడికించడం తర్వాత పెద్ద కారణం ఈ తడే.

## మిక్సీనా, గ్రైండరా, రోలా?

గ్రైండర్ వద్దు. ఇడ్లీ పిండికి పుట్టిన యంత్రం, దీన్నీ పేస్టు చేసి పెడుతుంది. మిక్సీ చాలు, అయితే జార్ సగానికి మించి నింపకుండా, తిప్పి ఆపుతూ, గరిటెతో కలుపుతూ ఆడించాలి. నీళ్లు ఒక్క చెంచా కూడా పోయకూడదు. తిరగకపోతే ఎర్రగడ్డ ముక్కలు కాసిని ముందే వేయండి, ఆ రసం చాలు. పిండి బొంబాయి రవ్వ కన్నా కాస్త ముతకగా ఉన్నప్పుడు ఆపేయాలి. అరచేతిలో గట్టిగా నొక్కితే ముద్ద కట్టాలి, చూపుడువేలితో తడితే విరగాలి. రోలు ఉన్న ఇంట్లో అయితే పని నిదానమే కానీ ముతకదనం మన చేతిలో ఉంటుంది. అలసందలకు రోలే మేలు.

## పావు కిలో శనగలకు కొలతలు

పావు కిలో ఎండు శనగలు, ఒక మధ్యరకం ఎర్రగడ్డ, ఆరు తెల్లగడ్డ రెబ్బలు, పెద్ద కట్ట కొత్తిమీర, గుప్పెడు పుదీనా, రెండు పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, ఒకటింపావు చెంచా ఉప్పు. ధనియాలు, జీలకర్ర దోరగా వేయించి పొడి చేసుకోండి. అన్నీ రుబ్బి కలిపాక ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచండి, ఉండ కట్టడం తేలికవుతుంది. వేయించేముందు మాత్రమే ఒక చెంచా బేకింగ్ పౌడర్ గానీ, పావు చెంచా వంటసోడా గానీ కలపండి. దీనికి పాతిక దాకా ఉండలు వస్తాయి.

అరబ్బు వంటల్లో వేసే పార్స్‌లీ ఆకు మనకు దొరకదు. దాని గురించి టెన్షన్ పడొద్దు, కొత్తిమీరను రెట్టింపు చేయండి. సోయికూర దొరికితే కొంచెం వేయండి, ఈజిప్టు వాళ్లు అదీ వేస్తారు. ఆకును కడిగి పూర్తిగా ఆరబెట్టాకే వాడాలి. గరం మసాలా, అల్లం వేస్తే తప్పు కాదు గానీ మసాలా వడ వాసన వస్తుంది. శనివారం ఎర్రగడ్డ, తెల్లగడ్డ తినని ఇంట్లో ఆకు ఇంకా పెంచి, ఇంగువ, నువ్వులు వేసి చేయొచ్చు. పిండి పొడిగా ఉంటుంది కాబట్టి ఉండ బిగించి కట్టాలి.

కట్టు కుదరకపోతే ముందు ఇంకోసారి మిక్సీలో రెండు తిప్పులు తిప్పండి. అప్పటికీ కుదరకపోతే శనగపిండి ఒక చెంచా. రెండు చెంచాలు దాటొద్దు.

## వేయించడానికి: బాండ్లి, పొంగణాల పెనం, ఎయిర్ ఫ్రయ్యర్

బాండ్లి. రుచిలో దీనికి సాటి లేదు. వేరుశనగ నూనె దీనికి చక్కగా సరిపోతుంది, వేడిని బాగా తట్టుకుంటుంది. గానుగ నూనె అయితే నురగ పొంగుతుంది కాబట్టి బాండ్లి సగానికి మించి పోయొద్దు. నూనె వేడి 175 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి. అది అడుగుకు పోయి వెంటనే బుడగలతో పైకి తేలాలి, తేలగానే నల్లబడకూడదు. అడుగునే ఉండిపోతే నూనె వేడి చాలలేదు, అప్పుడు వేసిన ఉండ నూనె తాగుతుంది. మరీ కాగితే పైన మాడి లోపల పచ్చి వాసన మిగులుతుంది.

ముందు ఒక్క ఉండ వేసి చూడండి. అది నిలిస్తే మిగతావి వేయండి. వేసిన నిమిషం దాకా గరిటె పెట్టొద్దు, పైన పొర గట్టిపడాలి. మూడు నాలుగు నిమిషాల్లో ముదురు రంగుకు వస్తుంది. నిమ్మకాయంత ఉండ కన్నా కాస్త నొక్కి బిళ్లలా చేసింది లోపలిదాకా సమంగా ఉడుకుతుంది.

గుంత పొంగణాల పెనం. నూనె తగ్గించాలనుకునే ఇళ్లకు నా ఓటు దీనికే, ఎయిర్ ఫ్రయ్యర్‌కు కాదు. మనందరి ఇళ్లలో ఉండేదే. గుంతకో చెంచా నూనె పోసి, కాగాక ఉండను వేసి, మధ్యమ మంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు ఉంచాలి. రెండు వైపులా మంచి పొర కడుతుంది, నడుము దగ్గర మాత్రం కాస్త లేతగా ఉంటుంది. మూత పెట్టొద్దు, ఆవిరికి మెత్తబడిపోతుంది. ఒక్కో వాయకు ఏడో పన్నెండో మాత్రమే కాబట్టి పదిమందికి చేయాలంటే ఓపిక ఉండాలి.

ఎయిర్ ఫ్రయ్యర్, ఓవెన్. 190 డిగ్రీల్లో పావుగంట, మధ్యలో ఓసారి తిప్పాలి. ఓవెన్‌లో 200 డిగ్రీల్లో పాతిక నిమిషాల దాకా. పైన నూనె రాయకుండా పెడితే ఎండిపోయి గొంతుకు అడ్డం పడతాయి. పిండిలోనే రెండు చెంచాల నూనె కలిపి, పైన కూడా రాస్తే నయం. వీటిని వట్టిగా తినలేం, చట్నీ ధారాళంగా ఉండాలి. దగ్గర నిలబడక్కర్లేదన్నది ఒక్కటే లాభం, ఆఫీసు నుంచి వచ్చి చేసుకునేవాళ్లకు ఆ లాభం చిన్నదేమీ కాదు.

## పక్కన ఏం పెట్టాలి

ఫలాఫెల్ పొడి వంట. దానికి మూడు తోడు కావాలి: జారుగా ఉండేది ఒకటి, పుల్లగా ఉండేది ఒకటి, పచ్చిగా కరకరలాడేది ఒకటి. ఈ మూడూ ఉంటే రొట్టె ఏదైనా నడుస్తుంది.

తహినీ. సీసాలో దొరికేది ఖరీదు. ఇంట్లో చేసుకోవడం తేలికే, నువ్వుల ఎంపికలోనే కిటుకంతా ఉంది. పొట్టు తీసిన తెల్ల నువ్వులు కావాలి. పొట్టుతో ఉన్నవి చేదు తగులుతాయి. వంద గ్రాముల్ని సన్నమంట మీద రంగు మారకుండా వెచ్చచేసి, చల్లారాక రెండు మూడు చెంచాల నూనెతో మెత్తగా ఆడించండి. దీన్ని చట్నీగా చేసేటప్పుడు నిమ్మరసం, నూరిన తెల్లగడ్డ, ఉప్పు వేసి చల్లటి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. మొదట బిగుసుకుపోయి గడ్డకడుతుంది. పాడైందనుకుని పారేయొద్దు. ఇంకాసిని నీళ్లు పోస్తే ఉన్నట్టుండి వదులై, తెల్లబడి, జారుగా వస్తుంది.

ఊరుబిండి. తహినీ బదులు మన ఇళ్లలో దీన్ని మించింది కనిపించదు. వేయించిన బుడ్డలు (వేరుశనగ గింజలు), పచ్చిమిర్చి, తెల్లగడ్డ వేసి రోట్లో నూరేదే. నూనెగింజ కమ్మదనం రెంటిలోనూ ఉంది. చింతపండు తగ్గించి నిమ్మకాయ పిండి, నీళ్లతో పల్చన చేసుకోండి. గల్ఫ్ రుచి కోరేవాళ్లు ఒప్పుకోరు గానీ, పిల్లలకు రెండూ పక్కపక్కన పెడితే ముందు ఖాళీ అయ్యేది ఈ గిన్నే.

పెరుగు. గుడ్డలో కట్టి నీరు తీసిన పెరుగులో తెల్లగడ్డ, ఉప్పు, కీరా తురుము. ఎండాకాలం ఇదే హాయి. కారం తినలేని పెద్దవాళ్లకూ ఇదే.

హమ్మస్. ఫలాఫెల్‌కు నానబెట్టేటప్పుడే ఇంకో గుప్పెడు ఎక్కువ వేయండి. ఆ భాగాన్ని మాత్రం కుక్కర్లో వెన్నలా ఉడికించి తహినీ, నిమ్మ, తెల్లగడ్డతో రుబ్బండి. ఒకే నానుడుకు రెండు వంటలు. అయితే శనగతో శనగ కాబట్టి రాత్రిపూట కడుపు బరువు, మధ్యాహ్నం పెట్టుకోండి.

ఎర్రకారం. కడప కారం దోసెకు పూసే ఎర్రగడ్డ, ఎండుమిర్చి కారాన్నే రొట్టె లోపల పల్చగా పూసి పైన తహినీ పోస్తే మంటా, కమ్మదనమూ సరిపోతాయి. ఒక్క ఎర్రకారంతోనే తింటే జీలకర్ర, కొత్తిమీర రుచి తెలియకుండా పోతుంది. షవర్మా అంగళ్లలో పోసే పచ్చిగుడ్డు మయోనీజ్ మాత్రం ఎండల్లో ఇంట్లో చేయొద్దు, దానికన్నా పెరుగు వెయ్యి రెట్లు నయం.

రొట్టెల సంగతి త్వరగా చెప్పేస్తాను. కుబ్బూస్ గానీ పీతా గానీ దొరికితే మంచిదే. దొరక్కపోతే చపాతీ పిండిని కాస్త మందంగా ఒత్తి పుల్కాలా పొంగించండి, సగానికి కోస్తే జేబు తెరుచుకుంటుంది. రుమాలీ రోటీ చుట్టడానికి బాగుంటుంది. జొన్నరొట్టె చుడితే విరుగుతుంది, పళ్లెంలో పెట్టి తుంచుకు తినడానికైతే రుచే. బేకరీ తీపి బన్ను వద్దు. సంగటిలోకి ఫలాఫెల్ అస్సలు కుదరదు, సంగటికి పులుసు కావాలి. ఉగ్గానిలోకి మాత్రం మిరపకాయ బజ్జీ బదులు పెట్టి చూడండి. నానిన బొరుగుల మెత్తదనం, నిమ్మ పులుపు దీనికి బాగా కలుస్తాయి.

పచ్చికూరలకు కీరా, టమాటా, ఎర్రగడ్డ సన్నగా తరిగి నిమ్మ, ఉప్పు చల్లితే సరి. కర్నూలు ఎర్రగడ్డ ఘాటు ఎక్కువనిపిస్తే తరిగాక చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. అరబ్బు అంగళ్లలో పెట్టే గులాబీ రంగు ఊరగాయ కావాలంటే ముల్లంగి పలుకులు, రెండు బీట్‌రూట్ ముక్కలు గాజు సీసాలో వేసి, మూడు వంతుల నీళ్లకు ఒక వంతు వెనిగర్, ఉప్పు కలిపి పోయండి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులకు సిద్ధం.

## మీ ఇంటికి ఏది

గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి కోసం చేస్తుంటే రాజీ పడొద్దు. కాబూలీ, బాండ్లి, అసలు తహినీ, ముల్లంగి ఊరగాయ. ఊరుబిండి ప్రయోగాలు ఇంకో రోజు చేసుకోవచ్చు.

పిల్లల డబ్బాలోకి అయితే పొంగణాల పెనం మీద చేసినవి మేలు, చల్లారినా నూనె తేలవు. బిళ్లల్లా కట్టి, పుల్కాలో పెరుగు చట్నీ పూసి చుట్టండి. పచ్చిమిర్చి సగం తగ్గించండి.

షుగర్ ఉన్నవాళ్లకు సగం సగం శనగలు, తక్కువ నూనె, జొన్నరొట్టె ముక్క, పచ్చికూరలు ఎక్కువ. గ్యాస్ పట్టేవాళ్లు నానబెట్టిన నీళ్లను పారబోసి, గింజను బాగా కడగాలి. అప్పటికీ పడకపోతే నాలుగుకు మించి తినొద్దు.

అనంతపురంలో గది తీసుకుని చదువుకునేవాళ్లు చిన్న మిక్సీ ఉంటే అలసందలతో చేసుకోండి. పొద్దున క్లాసుకు పోతూ నానబెడితే సాయంత్రానికి రెడీ. దోసె పెనం మీద బిళ్లల్లా కాల్చుకోవచ్చు, బాండ్లి నిండా నూనె కొనక్కర్లేదు.

రంజాన్ నెలలో ఇఫ్తార్‌కు పదిహేను ఇరవై మందికి చేసేవాళ్లకు చిక్కు వేరు. వేయించి పెట్టినవి అరగంటకే మెత్తబడతాయి, స్టీలు డబ్బాలో మూతపెడితే ఇంకా త్వరగా. అందుకని మధ్యాహ్నమే ఉండలు కట్టి పళ్లెంలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఇఫ్తార్‌కు పావుగంట ముందు రెండు బాండ్లిల్లో వాయలు దింపండి. తీసినవి జల్లెడ మీద విడివిడిగా పరచాలి. నెలంతా చేయాలంటే వారానికోసారి ఎక్కువ మొత్తంలో రుబ్బి, సోడా కలపకుండా ఉండలు కట్టి, పళ్లెంలో గడ్డకట్టాక కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. వాటిని కరగనివ్వకుండా నేరుగా, మంట కాస్త తగ్గించి నూనెలో వేయాలి. కరిగితే తడి బయటికొచ్చి ఉండ విచ్చిపోతుంది. సోడా లేదు కాబట్టి గుల్లదనం ఒక పాలు తగ్గుతుంది, తహినీ ఇంకో గరిటె పోస్తే అది తెలియదు.